కామిక్ కాన్‌లో ఆర్టిస్టు బల్ల దగ్గర బేరమాడొచ్చా?

రంగులపెట్టె:
బెంగళూరు కామిక్ కాన్‌కి, అంటే కామిక్స్ అభిమానుల జాతరకి, వెళ్ళే మనవాళ్ళతో ఒక విషయం తేల్చుకుందామని ఇది రాస్తున్నాను. వైట్‌ఫీల్డ్ కేటీపీఓ ఎగ్జిబిషన్ హాల్లో పెద్ద కంపెనీల స్టాళ్ళు, గేమింగ్ హంగామా దాటుకుని లోపలికి వెళ్తే వరసగా చిన్న బల్లలు వేసి ఉంటాయి. సొంతంగా బొమ్మలు వేసి అమ్ముకునేవాళ్ళు, చేతి డబ్బు పెట్టి కామిక్స్ అచ్చేయించుకునేవాళ్ళు అక్కడ కూర్చుంటారు. ఆర్టిస్ట్ ఆలీ అంటారు దాన్ని. ఈసారి నా ముందు నిలబడ్డ ఇద్దరూ మన తెలుగువాళ్ళే. ఒక ఏ3 సైజు ప్రింట్ చేతిలోకి తీసుకుని బల్ల వెనకున్న అమ్మాయిని ఇంగ్లీషులో రేటడిగారు. మూడొందలంది. "నూటయాభై చేసుకోండి, రెండు తీసుకుంటాం" అన్నారు. కుదరదంది. "కాగితం ముక్కకి మూడొందలేంట్రా" అని తెలుగులో అనుకుంటూ పక్క బల్లకి వెళ్ళిపోయారు. ఆ అమ్మాయికి తెలుగు వచ్చో రాదో తెలీదు గానీ ముఖం మాత్రం చిన్నబోయింది.

నా మాట సూటిగా చెప్తాను. అక్కడ బేరమాడకూడదు. నచ్చకపోతే, డబ్బు చాలకపోతే కొనొద్దు, ఎవరూ ఏమీ అనుకోరు. కానీ గేటు దగ్గర టికెట్‌కి నోరెత్తం, కంపెనీ స్టాల్లో ప్లాస్టిక్ బొమ్మకి డబ్బా మీదున్న ధర చెల్లిస్తాం, లోపల బర్గర్‌కి ఎంతంటే అంత ఇస్తాం. తన చేత్తో బొమ్మ గీసి తనే అమ్ముకుంటున్న మనిషి దగ్గర మాత్రం మనకి బేరం గుర్తొస్తుంది. ఇదెక్కడి న్యాయం?

చిక్‌పేట బాబాయ్:
అమ్మా, మీ బాధ అర్థమైంది కానీ ఒప్పుకోను. నేను ఈ ఊళ్ళో బట్టల వ్యాపారంలోనే జుట్టు నెరిపించుకున్నవాణ్ణి. బేరమనేది అవమానం కాదు. కొనేవాడికి సరుకు మీద మనసు పడింది కాబట్టే బేరమాడతాడు. మనసు పడనివాడు చూసి పోతాడు, అంతే. మా షాపులో రేటడక్కుండా వెళ్ళిపోయేవాళ్ళని చూస్తేనే నాకు దిగులు. ఆ కుర్రాళ్ళు తర్వాత అన్న మాట తప్పు, అది నేనూ ఒప్పుకుంటాను. అడగడం తప్పు కాదు. అమ్మే అమ్మాయి కుదరదని చెప్పింది, వాళ్ళు వెళ్ళిపోయారు. బజారు నడిచేదే అలా.

పీజీ పక్షి:
బాబాయ్ మాటకే నా ఓటు. నేను మారతహళ్ళిలో పీజీలో ఉంటాను, ఉద్యోగం వచ్చి ఇంకా ఏడాది కాలేదు. టికెట్‌తో పాటు ఒక కామిక్ పుస్తకం ఇస్తారు నిజమే కానీ, ఆ టికెట్ కొనేసరికే నా నెల బడ్జెట్‌కి చిల్లు. మెట్రో వచ్చాక క్యాబ్ ఖర్చైతే తప్పింది. లోపలికెళ్ళాక చేతిలో మిగిలేది ఆరేడొందలు. ఇంటికి ఏదో ఒకటి పట్టుకెళ్ళాలని ఎవరికుండదు? రెండు ప్రింట్లు కావాలనుకుంటే అడగడం తప్ప నాకు దారేది?

ఇంకో మాట. ఆ బల్లల మీద చాలావరకు ఉండేవి స్పైడర్‌మ్యాన్, బ్యాట్‌మ్యాన్, జపాన్ కామిక్స్ హీరో లఫీ బొమ్మలే. ఆ పాత్రలు వాళ్ళు పుట్టించినవి కావు. హక్కులు ఎక్కడో అమెరికాలోనో జపాన్‌లోనో ఉన్న కంపెనీలవి. ఈ ఆర్టిస్టులే అనుమతి లేకుండా వేసి అమ్ముతున్నప్పుడు ఆ ధరని మనం అంత పవిత్రంగా ఎందుకు చూడాలి?

బల్ల వెనకాల:
నేను కామిక్ కాన్‌లో బల్ల తీసుకునే మనిషిని. పేరు చెప్పను, లెక్క మాత్రం చెప్తాను.

బల్ల అద్దె ముందుగానే కట్టేయాలి. అమ్ముడుపోయినా పోకపోయినా అది తిరిగి రాదు. ఇక ప్రింటింగ్. మాలాంటివాళ్ళం వేయించుకునేది వందా రెండొందల కాపీలు. డిజిటల్ మెషీన్ మీద వందకైనా రెండొందలకైనా కాపీకి పడే ఖర్చు పెద్దగా తగ్గదు. ఆఫ్‌సెట్ ప్రెస్‌లో అయితే ముందు ప్లేట్లు చేయించాలి. ఆ ఖర్చు సర్దుకుని కాపీ రేటు దిగాలంటే వెయ్యి తక్కువ కాకుండా వేయించాలి. ఆ వెయ్యి కాపీలు అద్దింట్లో ఏ మంచం కింద దాచుకోవాలి? పోనీ పుస్తకాల షాపులో పెడదామంటే కమీషన్ పోను చేతికొచ్చేది ఎంతో ఉండదు. అందుకే పూర్తి ధర మా చేతికొచ్చే చోటు ఈ బల్ల ఒక్కటే.

ఫ్యాన్ ఆర్ట్ గురించి, అంటే వేరేవాళ్ళ పాత్రల్ని అభిమానంతో వేసే బొమ్మల గురించి, తమ్ముడు అడిగింది న్యాయమైన ప్రశ్న. దాచేదేమీ లేదు, చట్టం పరంగా అది మా సొత్తు కాదు. పెద్ద కంపెనీలు చాలావరకు చూసీచూడనట్టు వదిలేస్తాయి, అంతే. కానీ బల్ల దగ్గర ఏం జరుగుతుందో చెప్పనా? జనం దూరం నుంచి చూసేది బ్యాట్‌మ్యాన్‌నే. దగ్గరికొస్తారు, ప్రింట్లు తిప్పుతారు, అప్పుడు పక్కనున్న నా సొంత కథ మీద చూపు పడుతుంది. ఇరవై నాలుగు పేజీల పుస్తకం అది. పెన్సిలు, ఇంకు, రంగులు, బెలూన్లలో అక్షరాలు, అన్నీ నేనే. ఆఫీసు పనయ్యాక రాత్రుళ్ళు కూర్చుంటే పేజీకి మూడు రోజులు పట్టింది. ఎవరూ వినని పేరుతో వచ్చిన కథని ఎవరూ చేతికి కూడా తీసుకోరు. ప్రింట్లు అమ్మితేనే ఆ పుస్తకం రెండో భాగం అచ్చవుతుంది.

బేరం కన్నా నన్ను నలిపేసేది వేరే ఉంది. ప్రింట్‌ని ప్లాస్టిక్ కవరులోంచి కాస్త బయటికి లాగి, మెరుపు పడకుండా వంచి, ఫోన్‌తో ఫోటో తీసుకుని, "సూపర్ అక్కా" అనేసి వెళ్ళిపోతారు. ఆ మూల మడత పడిందంటే ఇంకెవరూ కొనరు.

రంగులపెట్టె:
అక్కా, మీరు రాసినందుకు చాలా థ్యాంక్స్. ఆ ఫోటోల సంగతి నాకు తట్టనే లేదు.

పక్షీ, ఆ పాత్రలు ఎవరివి అన్నావు చూడు, ఆ కథ కూడా వినాలి. సూపర్‌మ్యాన్‌ని పుట్టించిన జెరీ సీగెల్, జో షుస్టర్ 1938లో ఆ హక్కులన్నీ ప్రచురణ కంపెనీకి 130 డాలర్లకి రాసిచ్చేశారు. ఆ తర్వాత కంపెనీ ఎంత సంపాదించిందో మనకి తెలిసిందే. వాళ్ళిద్దరూ కోర్టుల చుట్టూ తిరిగారు. చివరికి 1975లో కంపెనీ ఏడాదికి తలా 20,000 డాలర్ల పెన్షన్ ఇవ్వడానికి ఒప్పుకుంది, అది కూడా పత్రికల్లో గోల జరిగాక. కెప్టెన్ అమెరికా లాంటి హీరోల బొమ్మలు గీసిన జాక్ కర్బీ అయితే తను గీసిన అసలు పేజీల కోసం మార్వెల్‌తో ఏళ్ళ తరబడి పోరాడాడు. గీసినవి పది వేలకి పైనే, 1987లో చేతికొచ్చినవి సుమారు రెండు వేలు. మనం టీషర్టుల మీద వేసుకు తిరిగే బొమ్మలు గీసినవాళ్ళ బతుకులివి. బొమ్మ గీసేవాడి పనికి తక్కువ ధర కట్టడం ఈ రంగానికి పుట్టుకతో వచ్చిన జబ్బు. దాన్ని అభిమానులం మనమైనా పెంచకూడదు కదా.

చిక్‌పేట బాబాయ్:
కంపెనీ గీసినవాడి హక్కులు లాక్కోవడం వేరు, కుర్రాడు యాభై రూపాయలు తగ్గించమనడం వేరమ్మా. మొదటిది దోపిడీ. రెండోదాంట్లో కాదనే హక్కు అమ్మేవాళ్ళ చేతుల్లోనే ఉంది. రెండిటినీ ఒకే గాటన కట్టడం నాకు నచ్చలేదు.

అయితే బల్ల తీసుకున్న అమ్మాయి చెప్పిన లెక్కలో ఒక సంగతి గట్టిగా తగిలింది. మా షాపులో నేను వంద బేళ్ళు తెచ్చుకుంటాను, ఒక చీర మీద తగ్గినా ఇంకో చీర మీద లాక్కుంటాను. బేరానికి చోటు ముందే ధరలో కలిపి ఉంచుతాం. ఆవిడ ధరలో ఆ చోటే లేదన్నమాట. చోటు లేని ధర మీద బేరం సాగదు. అందుకని నా సలహా ఏంటంటే, బోర్డు మీద "ఒకటే ధర" అని రాసి పెట్టండి. బేరమాడే ఊరు మనది, చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది?

పాత చందమామ:
నా వయసు వాళ్ళు ఇక్కడ తక్కువే అనుకుంటాను. మనవడిని తీసుకుని వెళ్ళాను, వాడు ఏదో ముసుగు వేసుకొచ్చాడు. నేను ఆ బల్లల దగ్గరే ఉండిపోయాను.

భుజాన శవాన్ని వేసుకుని, చేత కత్తి పట్టుకుని శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మ చూడని తెలుగువాడు మా తరంలో లేడు. అది వేసిన శంకర్ గారు, అంటే కె.సి. శివశంకరన్ గారు, మద్రాసు చందమామలో దశాబ్దాల పాటు ఉద్యోగం చేశారు. 2020లో పోయారు, పద్మశ్రీ 2021లో వచ్చింది. నెలనెలా ఆయన బొమ్మ కోసం ఎదురుచూసిన లక్షల మందిలో ఒక్కరికైనా ఆయన ఎదురుగా నిలబడి "ఇది నాకు కావాలి, ఇదిగో డబ్బు" అనే వీలు ఉందా? వపా గారి, అంటే వడ్డాది పాపయ్య గారి, ముఖచిత్రాలు కత్తిరించి గోడకి అంటించుకున్న ఇళ్ళు నాకు తెలుసు. ఆయన్ని చూసినవాళ్ళు మాత్రం ఎవరూ తెలీదు. ఇప్పుడు గీసినవాళ్ళు బల్ల అవతల కూర్చుని మనతో మాట్లాడుతున్నారు. అందుకే నేను బేరమాడలేను, నోరు రాదు.

కానీ పక్షి లాంటి పిల్లలు ఉత్తి చేతులతో వెళ్ళకూడదన్నది కూడా నిజం. బల్ల మీద యాభై రూపాయల స్టిక్కరో, బుక్‌మార్కో తప్పకుండా ఉండాలని నా కోరిక.

అనంతపురం అమ్మాయి:
నేను చేసేది చెప్పనా? ఆదివారం సాయంత్రం మూసే వేళకి వెళ్తాను. మిగిలినవి మోసుకెళ్ళలేక వాళ్ళే తగ్గిస్తారు. నేను నోరు తెరవాల్సిన పనే లేదు.

బల్ల వెనకాల:
అనంతపురం చెల్లీ, బట్టలకీ కూరగాయలకీ అది పనిచేస్తుందేమో, మా దగ్గర పెద్దగా ఉండదు. ప్రింట్లు పాడైపోయే సరుకు కాదు, హైదరాబాద్ కాన్‌కి పట్టుకెళ్తాం, 2024 నుంచి చెన్నైలో కూడా కామిక్ కాన్ ఉంది. ఆదివారం సాయంత్రానికి మంచివి ఎలాగూ అయిపోతాయి. శనివారం ఉదయం రండి. మా గొంతు ఇంకా బాగానే ఉంటుంది, హాయిగా కబుర్లు కూడా చెప్పుకోవచ్చు.

బాబాయ్ గారూ, బోర్డు పెడతాను. మీరన్నది సబబే. రెండు కలిపి కొంటే ఎంతో కూడా దాని మీదే రాస్తాను. నేను ఇవ్వగలిగిన తగ్గింపు నేనే ముందుగా చెప్తే ఎవరూ అడగక్కర్లేదు, నేను కాదనక్కర్లేదు.

ఇంకో సంగతి. తమిళంలో ముత్తు కామిక్స్ 1972 నుంచి వస్తోంది, ఇప్పటికీ శివకాశి నుంచి పుస్తకాలు తెస్తున్నారు. అక్కడి పాఠకులు చందా ముందే కట్టి, పుస్తకం కోసం ఎదురుచూస్తారు. తెలుగులో అంతకాలం నిలబడ్డ కామిక్స్ సంస్థ ఒక్కటి చూపించండి. గీసేవాళ్ళు మనకి లేక కాదు. బెంగళూరు బల్లల వెనక కూర్చున్నవాళ్ళలో తెలుగువాళ్ళు ఉన్నారు, ఇంగ్లీషులో కథలు రాస్తున్నారు. నా పుస్తకం కూడా ఇంగ్లీషే. తెలుగులో వేస్తే వంద మంది కొంటారన్న భరోసా ఉంటే రేపే మొదలుపెడతాను.

రంగులపెట్టె:
వందలో ఒకటి నాది. పూర్తి ధరకి, డబ్బు ముందే కడతాను. ఇక్కడ చదివేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే కింద రాయండి, లెక్క నేను చూసుకుంటాను.

బాబాయ్ గారితో ఒక్క చోట ఇంకా నాకు పేచీ ఉంది. కాదనే హక్కు అమ్మేవాళ్ళదే అన్నారు. మొదటిసారి బల్ల తీసుకున్న ఇరవై ఏళ్ళ పిల్లకి, రోజంతా ఒక్క ప్రింటూ పోని పిల్లకి, ఆ హక్కు వాడుకునే ధైర్యం ఉండదు. నష్టానికే ఇచ్చేస్తుంది, తర్వాత బల్ల తీసుకోవడం మానేస్తుంది. మీ షాపులో మీరు ఎదుటివాళ్ళకి సమఉజ్జీ. ఆ పిల్ల కాదు.

చిక్‌పేట బాబాయ్:
ఈ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఆలోచిస్తాను. తెలుగు పుస్తకం వస్తే నాకు రెండు కాపీలు రాసుకోండి.

పీజీ పక్షి:
నాకు ఒకటి. జీతం పడ్డాక కడతాను. అక్కా, అక్కడికక్కడ బొమ్మ గీయించుకోవాలంటే ఎలా అడగాలి? ఒకతను బ్రష్ పెన్‌తో మా ఫ్రెండ్ ముఖాన్ని హీరోలా గీస్తుంటే చూశాను. ముందు నీలం పెన్సిలుతో లీలగా గీసుకుని, దాని మీద నల్లగా ఒక్క గీతలో ముక్కు దింపేశాడు. పక్కనెవరో "ఐదు నిమిషాల పనికి ఇంతా" అన్నారు. అతను తలెత్తలేదు.

బల్ల వెనకాల:
ఆ ఐదు నిమిషాల వెనక పదేళ్ళ అలవాటు ఉంటుంది తమ్ముడూ. శనివారం వచ్చిన వెంటనే పేరు రాయించుకో, మధ్యాహ్నానికి జాబితా నిండిపోతుంది. ముఖం స్పష్టంగా కనిపించే ఫోటో ఫోన్‌లో ఉంచుకో. నలుపు తెలుపా, రంగులా, ఎంత సైజు, ముందే చెప్పు. ధర దాన్ని బట్టే ఉంటుంది, ఏ5 సైజులో నలుపు తెలుపు అన్నిటికన్నా చవక. లోపల జనం ఎక్కువై ఒక్కోసారి ఫోన్ సిగ్నల్ ఉండదు, యూపీఐ తిరుగుతూనే ఉంటుంది, కాబట్టి చిల్లర నోట్లు తెచ్చుకో.