అమ్మ యుద్ధకాలపు యూనిఫాం, పతకాలు: ఇంట్లో ఉంచాలా, మ్యూజియానికి ఇవ్వాలా?

తీరంవాసి (విశాఖపట్నం)

మా అమ్మ 1971 యుద్ధం నాటికి మిలిటరీ నర్సింగ్ సర్వీసులో లెఫ్టినెంట్. డిసెంబరు 3 నుంచి 16 వరకు ఆ పదమూడు రోజులూ, గాయపడినవారు ఇంకా వస్తూనే ఉన్న ఆ తర్వాతి నెలలూ పంజాబ్ సరిహద్దుకు దగ్గరలోని ఒక సైనిక ఆస్పత్రిలో పనిచేసింది. రెండు నెలల క్రితం కన్నుమూసింది. ఆమె ట్రంకుపెట్టె అడుగున తెల్ల నూలు యూనిఫాం ఒకటి, భుజానికి పెట్టుకునే నక్షత్రాలు, ప్లాస్టిక్ పేరుబిళ్ళ, పశ్చిమీ స్టార్, సంగ్రామ్ మెడల్, స్వాతంత్ర్యం వచ్చి పాతికేళ్ళయిన సందర్భంగా ఇచ్చిన పతకం దొరికాయి. యూనిఫాం కుడిచేతి అంచున గోధుమరంగు మరక ఉంది. అది ఏ మరకో మాకు తెలియదు.

ఇంట్లో తలో మాట. అన్నయ్య పతకాలను చింతపండుతో తోమించి, యూనిఫాం ఉతికించి ఇస్త్రీ చేయించి, హాల్లో అద్దాల చట్రంలో పెడదామంటున్నాడు. పోయినవాళ్ళ బట్టలు ఇంట్లో ఉంచకూడదని, పెద్దకర్మనాడే ఎవరికైనా ఇచ్చేయవలసిందని పిన్ని అంటోంది. నాకు మాత్రం మ్యూజియానికి ఇవ్వాలని ఉంది. మా ఇల్లు సముద్రానికి చాలా దగ్గర. వానాకాలంలో బీరువాలోని తోలు చెప్పులకు కూడా బూజు పడుతుంది. మీరైతే ఏం చేస్తారు?

మాధవరం మనవడు

మాది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. ఇంటికొకరు సైన్యానికి వెళ్ళిన ఊరు కాబట్టి మిలిటరీ మాధవరం అంటారు. మా తాతయ్య పతకాలను దసరాకు ఆయుధపూజలో పెడతాం. మా పిల్లలు వాటిని చేతిలోకి తీసుకుని, అంచున ఆయన పేరు చదువుకుని, ప్రశ్నలు అడుగుతారు. ఇంటిల్లిపాదీ ఆ పూట ఆయన గురించే మాట్లాడుకుంటాం. మ్యూజియానికి ఇస్తే అదంతా పోతుంది. వచ్చినవన్నీ వాళ్ళు ప్రదర్శనకు పెట్టరు. ఏ గదిలో ఉందో, ఎవరు తీసి చూస్తారో మీకు తెలియదు. రేపు మీ మనవరాలు చూడాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి. అన్నయ్యగారి మాటే సరైనది. చట్రం కట్టించి హాల్లో పెట్టండి.

నూలుపోగు

నేను పాత వస్త్రాలను బాగుచేసే పనిలో ఉన్నాను. ఎక్కడ ఉంచాలన్నది మీరు నిదానంగా తేల్చుకోండి. ఈలోగా దయచేసి రెండు పనులు ఆపండి: ఉతకడం, తోమడం.

చింతపండు పులుపు పతకం పైపొరను తినేస్తుంది. ఇత్తడి చెంబు అయితే మళ్ళీ మెరుస్తుంది, పతకం మీద చెక్కిన అక్షరాలు మళ్ళీ రావు. మీ అమ్మగారి నంబరు, హోదా, పేరు ఉన్న అంచే మొదట అరిగిపోతుంది. ఆ తడి రిబ్బనులోకి దిగితే రంగులు ఒకదానిలోకి ఒకటి కారతాయి. మెత్తటి పొడిగుడ్డతో ఒక్కసారి అద్ది వదిలేయండి. చేతి చెమటలోని ఉప్పు కూడా లోహాన్ని మచ్చపరుస్తుంది కాబట్టి చేతికి నూలు తొడుగులు వేసుకోండి.

యూనిఫాంను చాకలికీ, డ్రై క్లీనింగుకూ దేనికీ ఇవ్వకండి. అర్ధశతాబ్దం పెట్టెలో మడతపడి ఉన్న నూలు తడిస్తే మడతల దగ్గర చిట్లుతుంది. గంజి మిగిలి ఉంటే దానికోసం వెండిరంగు పురుగులు చేరతాయి. ఇప్పటికే పురుగు కనిపిస్తే లోహపు వస్తువులన్నీ తీసేసి, బట్టను గాలి చొరబడని సంచిలో కట్టి ఇంటి ఫ్రీజర్లో రెండు వారాలు ఉంచండి. బూజు ఉంటే పొడి వాతావరణంలో నీడపట్టున ఆరనిచ్చి, ముక్కుకు గుడ్డ కట్టుకుని మెత్తటి కుంచెతో దులపండి. నక్షత్రాలను విప్పి వేరే పెట్టెలో పెట్టండి. గుండీల కింద కాగితం ఉంచండి, లేకపోతే ఇత్తడి చిలుము బట్టకు పడుతుంది. పెట్టెలో కలరా ఉండలు వేయకండి. వాటి ఆవిరి మనుషులకూ మంచిది కాదు, ఆ పేరుబిళ్ళ ప్లాస్టిక్‌నూ మెత్తబరుస్తుంది. మడతల మధ్య ఆమ్లం లేని పలుచటి కాగితాన్ని ఉండలుగా చుట్టి పెట్టి, గంజి పూర్తిగా పోయేలా ఉడికించిన పాత నూలుగుడ్డలో చుట్టండి. ఏడాదికి రెండుసార్లు తెరిచి, మడతలు మార్చండి.

చట్రం గురించి కూడా చెప్పాలి. వెలుతురు రంగును కొద్దికొద్దిగా తినేస్తుంది, పోయిన రంగు చీకట్లో పెట్టినా తిరిగి రాదు. ప్లైవుడ్ నుంచి వచ్చే ఆవిరి లోహాన్నీ, బట్టనూ పాడుచేస్తుంది. హాల్లో ఫొటో పెట్టండి, అసలువి చీకట్లో ఉంచండి.

ఇక ఆ మరక. అది రక్తమా, టింక్చరా, చాయా అన్నది ఏదో ఒకరోజు తెలియవచ్చు. ఉతికితే ఇక ఎప్పటికీ తెలియదు.

గోదారిగట్టు

పిన్నిగారి మాటను మూఢనమ్మకమని కొట్టిపారేయకండి. మా అత్తగారు పోయాక ఆవిడ చీరలు కనిపించినప్పుడల్లా మామగారు అన్నం మానేసేవారు. ఇచ్చేశాకే ఇంట్లో మనిషిలా తిరిగారు. ఆ ఆచారం బతికున్నవాళ్ళ కోసం పెట్టింది. అయితే చీర వేరు, యూనిఫాం వేరు. వడ్రంగి ఉలిని ఎవరూ దానం చేయమనరు. పిన్నిగారికి అలా చెప్పి చూడండి.

పాత సిస్టరు

నేనూ మిలిటరీ నర్సింగ్ సర్వీసులో చేసి రిటైరయ్యాను. మాధవరం మనవడు గారూ, మీ తాతగారి పతకాలకు మీ ఊళ్ళో ఇంటింటా తోడున్నాయి. ఈ అమ్మగారి యూనిఫాంకు తోడేది? 1971లో మన సైన్యంలో ఆడవాళ్ళు ఉన్నది వైద్యసేవల్లోనే. మిగతా విభాగాల తలుపులు వాళ్ళకు 1992లో గానీ తెరుచుకోలేదు. అంటే ఆ యుద్ధంలో సైన్యంలో పనిచేసిన స్త్రీల గుర్తులు మిగిలి ఉంటే ఇలాంటి ట్రంకుపెట్టెల్లోనే ఉండాలి. అవి ఒక్కొక్కటే చాకలిమూటల్లోకి పోతున్నాయి. సైనిక మ్యూజియంలో తుపాకులూ, ట్యాంకులూ చూసి వచ్చే పిల్లలకు, తెగిన కాలికి రాత్రంతా కట్టు కట్టిన మనిషి కూడా సైనికాధికారేనని ఎవరు చూపిస్తారు?

1943 నుంచీ మేము కమిషన్డ్ అధికారులమే. అయినా పెళ్ళి చేసుకుంటే నర్సింగ్ అధికారిని తొలగించే వీలిచ్చిన 1977 నాటి ఉత్తర్వు 1995 వరకు అమల్లో ఉంది. 1988లో అలా తొలగించిన ఒక అధికారికి 60 లక్షల రూపాయలు చెల్లించాలని సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరిలో తీర్పు చెప్పింది. ఇంత చరిత్ర ఉన్న సర్వీసు మాది. అందుకే తల్లీ, బట్టతోపాటు కాగితాలు కూడా వెతుకు. నియామకపు ఉత్తర్వు, బదిలీ కాగితాలు, స్నేహితురాళ్ళ ఉత్తరాలు అన్నీ ఒకచోట చేర్చు. ఏ మ్యూజియానికి ఇచ్చినా రాతపూర్వకంగా ఇవ్వు. వాళ్ళు అక్కర్లేదనుకుంటే కుటుంబానికే తిరిగి ఇవ్వాలని ఆ కాగితంలో రాయించు. పతకాలనూ యూనిఫాంనూ అన్నాచెల్లెళ్ళు పంచుకోవద్దు. విడిపోతే రెంటికీ అర్థం సగమవుతుంది.

మాధవరం మనవడు

సిస్టరుగారూ, తోడు లేదన్న మాట నాకు తట్టలేదు. ఒప్పుకుంటున్నాను. అయినా మొదటి హక్కు ఇంటి పిల్లలదే అంటాను. ఆగస్టు 15న మనవరాలికి ఆ యూనిఫాం తొడిగితే తప్పేమిటి?

నూలుపోగు

వద్దండీ. ఒక్కపూట చెమట, ఒక్క పిన్నీసు చాలు ఆ నూలు పాడవడానికి. పైగా సైనికుడినని నమ్మించే ఉద్దేశంతో సైనిక దుస్తులు వేసుకోవడం నేరం. చిన్నపిల్ల సరదా ఆ కిందికి రాదు గానీ, అలవాటుగా మార్చకపోవడమే మంచిది. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో స్మారకదినాన పిల్లలూ మనవలూ పెద్దల పతకాలను కుడివైపు ఛాతీమీద పెట్టుకుంటారు. ఎడమవైపు సంపాదించుకున్నవారిది. ఇంట్లో చేసుకునే చిన్న వేడుకకు ఆ పద్ధతి బాగుంటుంది.

తీరంవాసి

అందరికీ నమస్కారం. పది రోజులకు వస్తున్నాను.

ఉలి మాట పిన్నికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత తనే చెప్పింది. 1972లో అమ్మ సెలవుమీద వచ్చినప్పుడు అమ్మమ్మ ఆ మరకను కుంకుడురసంలో నానబెట్టబోయిందట. అమ్మ పరుగెత్తుకొచ్చి చేతిలోంచి లాక్కుందట. ఎందుకని అడిగితే చెప్పలేదట. మిగతా బట్టలన్నీ ఉతికించుకుని వెళ్ళి, దీన్ని మాత్రం అలాగే మడిచి పెట్టిందట. ఇన్నేళ్ళూ పిన్ని ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. అన్నయ్యకు ఫోనులో చెబితే ఉతికించే మాట ఇక ఎత్తలేదు. హాల్లోకి అమ్మ ఫొటో తనే పెద్దది చేయిస్తున్నాడు.

అమ్మతో ఆ ఆస్పత్రిలో పనిచేసిన ఆవిడ ఒకరు నెల్లూరులో ఉన్నారని ఉత్తరాల్లో తెలిసింది. ఎనభై దాటాయట. ఆదివారం వెళ్ళి ఆవిడ చెప్పేదంతా రికార్డు చేసుకుంటాం. మ్యూజియం సంగతి ఆ తర్వాతే. ఇచ్చినా అన్నీ కలిపే, కాగితం రాయించుకునే ఇస్తాం.

బట్ట చుట్టడానికి పిన్ని తన పాత మల్లుచీర ఇచ్చింది. గంజి పోయేదాకా నాలుగుసార్లు ఉడికించి ఆరవేశాను. నూలుపోగు గారూ, ఇంకొకసారి ఉడికించాలా, ఇది చాలా?