నమ్మకం మీద మొదటి ఏడాది విద్యార్థిని వ్యాసం: మార్కులు ఎలా వెయ్యాలి?

ఎర్రసిరా
తత్వశాస్త్రం పరిచయ కోర్సు చెబుతాను. "ఆధారం లేకుండా దేవుణ్ణి నమ్మడం సబబేనా?" అని 20 మార్కులకి వ్యాసం రాయమన్నాను. ఒకమ్మాయి రెండు పేజీలు శ్రద్ధగా రాసింది. మూడో పేజీలో "మా అమ్మ ఆపరేషన్ నుంచి బతికి బయటపడింది. ఇంతకన్నా రుజువేం కావాలి?" అని ముగించేసింది. వాదంగా నిలవదు. కానీ ఆ వాక్యం పక్కన ఇంటూ పెట్టడానికి చెయ్యి రావట్లేదు. మూడు రోజులైంది. మీరైతే ఏం చేస్తారు?

చివరిబెంచి
నేను లెక్చరర్‌ని కాదు. డిగ్రీ మొదటి ఏడాదిలో ఇలాంటిదే రాస్తే "ఇది వ్యాసం కాదు, భజన" అని రాసి తిరిగిచ్చారు. మార్కులెన్నో మర్చిపోయాను, ఆ మాట మర్చిపోలేదు. ఎక్కడ తప్పిందో ఒక్క ముక్క చెప్పలేదు. మిగతా ఏళ్లన్నీ నేను నమ్మేదేదీ కాగితం మీద పెట్టలేదు, ఆయనకి నచ్చేదే రాశాను.

తిరగేసిచూడు
వ్యాసాన్ని తిరగేసి ఊహించుకోండి సార్. "మా అమ్మ బతకలేదు. దేవుడు లేడనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి?" దానికెన్ని వేస్తారో దీనికీ అన్నే. నేను దేవుణ్ణి నమ్మను. ఒకసారి పాత పేపర్ల కట్ట విప్పి చూసుకుంటే, నాస్తికత్వం వైపు రాసినవాళ్లకి ఒకటో రెండో ఎక్కువే వేశానని తెలిసింది. వాళ్ల వాదాలేమీ గట్టివి కావు. నాకు అలవాటైన దారిలో ఉన్నాయి, అంతే. చాలా బాధపడ్డాను.

పాతచాక్‌పీస్
ఇంగ్లిష్ తత్వవేత్త క్లిఫర్డ్ రాసిన ఓడ కథ క్లాసులో చెప్పారా? 1877 నాటిది. ఓడ పాతబడిందని యజమానికి అనుమానం. ఇన్నిసార్లు క్షేమంగా తిరిగొచ్చింది కదా, దేవుడే చూసుకుంటాడని మనసుకి సర్దిచెప్పుకుని జనాన్ని ఎక్కించి పంపేస్తాడు. ఓడ మునిగిపోతుంది. అసలు మెలిక ఆ తర్వాత ఉంది: ఓడ క్షేమంగా చేరి ఉన్నా అతని తప్పు తప్పేనంటాడు క్లిఫర్డ్. అలా నమ్మే హక్కు అతనికి లేదు కాబట్టి.

మీ విద్యార్థిని వ్యాసానికి సూటిగా తగిలేది ఇదే. కానీ "మీ అమ్మ బతక్కపోతే దేవుడు లేడంటావా?" అని మాత్రం మార్జిన్‌లో రాయకండి. తర్కానికి సరైన ప్రశ్నే, కాదనను. ఆ పిల్ల దాన్ని ఎర్ర సిరాలో, ఒంటరిగా చదువుకోకూడదు. ఓడ గురించి అడగండి, అక్కడికి తనే వస్తుంది.

హేతువెక్కడ
క్లిఫర్డ్ ఒక్కడి దగ్గర ఆపితే అన్యాయం. 1896లో అమెరికన్ తత్వవేత్త విలియం జేమ్స్ జవాబిచ్చాడు: ఆధారాలతో తేలని, వాయిదా వెయ్యడానికి వీల్లేని, జీవితానికి ముఖ్యమైన విషయాల్లో మనసు చెప్పినట్టు నమ్మే హక్కు మనిషికుందని. "రుజువు" అన్న ఒక్క మాట తీసేస్తే ఈ అమ్మాయి జేమ్స్‌కి చాలా దగ్గర్లో ఉంది.

మన న్యాయ దర్శనం (పాత భారతీయ తర్కశాస్త్రం) లెక్కలో చూసినా తప్పు ఎక్కడుందో దొరుకుతుంది. అమ్మ కోలుకోవడం ప్రత్యక్షం. దేవుడి వల్ల కోలుకుందనడం అనుమానం, అంటే ఇక్కడ సందేహం కాదు, చూసినదాన్ని బట్టి ఊహించడం. పొగని చూసి నిప్పుందనాలంటే పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుందన్న వ్యాప్తి, అంటే తప్పని సంబంధం, ముందు తెలియాలి. ఇక్కడ ఆ వ్యాప్తి ఏది? ఆమె దాటేసిన మెట్టు అది. దానికే మార్కులు తగ్గించండి, నమ్మకానికి కాదు.

తిరగేసిచూడు
తిరిగి రాసే అవకాశం ఇస్తే క్లాసు మొత్తానికీ ఇవ్వండి.

ఎర్రసిరా
అందరికీ ఇచ్చాను. మొదట 9 అనుకున్నది, రెండు పేజీలు మళ్లీ చదివి 12 చేశాను. మార్జిన్‌లో "కోలుకోవడం చూశావు. దేవుడి వల్ల అన్నది ఊహించావు. మధ్య మెట్టు రాయి" అని రాశాను. ఓడ కథ, జేమ్స్ జవాబు కూర్చోబెట్టి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "జేమ్స్ లాగా రాస్తే, నా దగ్గర రుజువు లేదని ఒప్పుకున్నట్టే కదా సార్?" అంది. అవునన్నాను. శుక్రవారం దాకా టైమ్ అడిగి వెళ్లింది.