ట్రాన్స్‌పోర్టర్‌ని తీసేస్తే దాని ప్రమోటర్ ఎందుకు మూగబోయింది?

ఎమ్మెస్సీ_మైక్రో:
బ్యాసిల్లస్ సబ్టిలిస్ అనే బ్యాక్టీరియాలో బీసీఈఏబీ అనే ట్రాన్స్‌పోర్టర్ (మెంబ్రేన్‌లోని రవాణా ప్రొటీన్) జీన్ల ప్రమోటర్‌కి, అంటే వాటిని ఆన్ చేసే డీఎన్‌ఏ ముక్కకి, అది ఆన్ అయితే వెలుగిచ్చే లక్స్ రిపోర్టర్ తగిలించి చూస్తున్నాను. మామూలు స్ట్రెయిన్‌లో బ్యాసిట్రాసిన్ అనే యాంటీబయాటిక్ కొంచెం వేసినా వెలుగు బాగా పెరుగుతోంది. అదే రిపోర్టర్‌ని ట్రాన్స్‌పోర్టర్ డిలీట్ చేసిన స్ట్రెయిన్‌లో పెడితే ఉలుకూ పలుకూ లేదు. ట్రాన్స్‌పోర్టర్ లేకపోతే సెల్ వాల్‌కి దెబ్బ ఇంకా గట్టిగా తగలాలి, సిగ్నల్ ఇంకా పెరగాలి కదండీ? కబురు అందుకునే సెన్సర్ కైనేజ్ బీసీఈఎస్, దాని మాట మీద ప్రమోటర్‌ని ఆన్ చేసే రెగ్యులేటర్ బీసీఈఆర్, ఈ జీన్లు రెండూ ఉన్నాయని పీసీఆర్ చేసి చూసుకున్నాను. ల్యాబ్ మీటింగ్ దగ్గరపడుతోంది, ఒకటే టెన్షన్.

పెప్టైడ్_పిచ్చి:
టెన్షన్ వద్దండీ, రావాల్సిన రిజల్టే వచ్చింది. బీసీఈఎస్‌కి బయట బ్యాసిట్రాసిన్‌ని పట్టుకునే భాగమే లేదు. మెంబ్రేన్‌ని దాటే రెండు హెలిక్సులు, వాటి మధ్య చిన్న లూప్, అంతే. బయటికి పెద్ద డొమైన్ ఉన్నది ట్రాన్స్‌పోర్టర్‌లోని బీసీఈబీకి. అంటే సెన్సర్ పని చేసేది ట్రాన్స్‌పోర్టరే, కైనేజ్ దాన్ని అంటిపెట్టుకుని ఉండి అది చెప్పిందే వింటుంది. ఏటీపీని వాడుకోలేని మ్యూటెంట్‌లో కూడా సిగ్నల్ రాదు, కాబట్టి ట్రాన్స్‌పోర్టర్ ఊరికే ఉంటే చాలదు, పని చెయ్యాలి.

గోడ_మీద_చూపు:
ఆ చివరి మాటే అసలు కీలకం. బ్యాసిట్రాసిన్ పట్టుకునేది అండెకాప్రెనైల్ పైరోఫాస్ఫేట్‌ని, అంటే గోడకి కావాల్సిన ముక్కల్ని మెంబ్రేన్ దాటించే 55 కార్బన్ల లిపిడ్‌ని. అది ఇరుక్కుపోతే మళ్ళీ వాడకానికి రాదు, గోడ కట్టడం ఆగిపోతుంది. బీసీఈఏబీ ఆ మందుని లిపిడ్ మీంచి విడగొడుతుంది. ఇక కైనేజ్‌కి అందే కబురు బయట మందు ఎంతుందని కాదు, ఒక్కో ట్రాన్స్‌పోర్టర్ మీద ఎంత పని పడుతోందని. క్యూలో ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టకుండా, కౌంటర్‌లో ఉన్న మనిషికి ఊపిరాడుతోందో లేదో చూసి ఇంకో కౌంటర్ తెరిచినట్టు. కొత్త ట్రాన్స్‌పోర్టర్లు వచ్చేకొద్దీ ఒక్కోదాని మీద భారం తగ్గుతుంది, సిగ్నల్ కూడా దిగుతుంది, దాంతో అవసరానికి మించి తయారు కావు. నాకు మాత్రం బ్యాక్టీరియా రెగ్యులేషన్‌లో ఇంతకన్నా ముచ్చటైన ఏర్పాటు ఇంకోటి కనపడలేదు.

ఎమ్మెస్సీ_మైక్రో:
అర్థమైంది, చాలా థాంక్సండీ. మరి మీటింగ్‌లో దీన్ని నిరూపించాలంటే?

పెప్టైడ్_పిచ్చి:
డిలీషన్ స్ట్రెయిన్‌లోనే జైలోజ్ అనే చక్కెర వేస్తే ఆన్ అయ్యే ప్రమోటర్ కింద బీసీఈఏబీని తిరిగి పెట్టండి, సిగ్నల్ వెనక్కి రావాలి. పక్కనే ఏటీపీ కట్టుకునే చోటి లైసీన్ మార్చిన కాపీ పెడితే రాకూడదు. ఇంకో కంట్రోల్‌గా లియాఐ అనే ఇంకో జీన్ ప్రమోటర్‌కి లక్స్ పెట్టి చూడండి, అది గోడకి తగిలిన దెబ్బకే స్పందిస్తుంది కాబట్టి మీ డిలీషన్‌లో ఇంకా తక్కువ మందుకే వెలగాలి, దాంతో మీ బ్యాసిట్రాసిన్ పనిచేస్తోందని కూడా తేలిపోతుంది. బ్యాసిట్రాసిన్‌కి జింక్ కావాలి, మీడియంలో జింక్‌ని పట్టేసుకునే ఈడీటీఏ లాంటిది ఉందేమో ముందు చూసుకోండి.

గోడ_మీద_చూపు:
స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే ఇంకో బ్యాక్టీరియాని కూడా ఒక స్లైడ్‌లో పెట్టండి. అక్కడ ఈ రెండు పనులూ వేరు పడ్డాయి: బ్రాడీఈ అనే ట్రాన్స్‌పోర్టర్ కబురు అందిస్తుంది, వ్రాడీఈ అనే ఇంకోటి మందుని ఎదుర్కొంటుంది.