సమస్య: దీప మార్పి చిలుక తేనె గ్రోలె

నిర్వాహకుడు, గుంటూరు: నిన్న రాత్రి కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించాం. ఒక రెక్కల పురుగు వచ్చి మీద పడి ఆర్పేసింది. అప్పుడు తట్టిన పాదం ఇది. దీన్నే చివరి పాదంగా పెట్టి పద్యం పూరించండి. చిలుక అంటే సీతాకోకచిలుకే, రామచిలుకను తేవద్దు.

తెనాలి నిమ్మతోట:
జాతి యొకటె గాని జాములే వేరయా;
ఎండ చిలుక కిల్లు, ఇరుల దిరిగి
రెక్క కాలి కూలె రేయిలో శలభమ్ము
దీప మార్పి, చిలుక తేనె గ్రోలె!

పటమట మాస్టారు: "మార్పి" దగ్గర విరుపు అదిరింది తమ్ముడూ! దీపం శలభానికి, అంటే రాత్రి తిరిగే రెక్కల పురుగుకు; తేనె చిలుకకు. కానీ "ఇల్లు, ఇరుల" ఏమిటి? ఉత్వసంధి నిత్యం కదా, ఉకారం తర్వాత అచ్చు వస్తే కలిపి తీరాలి. కలిపితే గణం (గురులఘువుల లెక్క) పోతుంది. "ఎండ చిలుక మెచ్చు నిరుల దిరిగి" అను, ద్రుతం (మాట చివరి నకారం) ఆదుకుంటుంది.

తెనాలి నిమ్మతోట: మార్చేశాను మాస్టారూ.

పటమట మాస్టారు: ఇక నాది.
వీపు మీద పుర్రె వేసిన వేషమ్ము
తుట్టె దోచ వచ్చె దొంగ వోలె
పగటి చిలుక గాదు, పడమట రవి యను
దీప మార్పి చిలుక తేనె గ్రోలె!

అరండల్‌పేట అక్కయ్య: నువ్వుచేలో పెరిగే పుర్రెబొమ్మ శలభాన్ని తెచ్చారు, బాగుంది. రాత్రిపూట తేనెతుట్టెలో దూరి పొట్టి తొండంతో పీల్చేస్తుంది, పట్టుకుంటే కీచుమంటుంది. కానీ సూర్యుణ్ణి ఆర్పింది ఎవరండీ? క్త్వార్థకానికి (ఇక్కడ 'ఆర్పి'), చివరి క్రియకు కర్త ఒకటే ఉండాలి. పురుగు సూర్యుణ్ణి ఆర్పిందా?

పటమట మాస్టారు: పోయిన ఉగాదికి తమరు పద్యంలో సీతాకోకచిలుకను పట్టుగూట్లో పడుకోబెట్టారు. అందరూ ఆహా అన్నారు. నేను ఒక్కణ్ణే అడ్డం చెప్పాను. గుర్తుందా?

తెనాలి నిమ్మతోట: గూడు విషయంలో మాస్టారిదే నిజం అక్కయ్యా. మా నిమ్మచెట్టు మీద చిలుక పిల్లపురుగు చిన్నప్పుడు అచ్చం పిట్టరెట్టలా ఉంటుంది. వేలితో తాకితే తల వెనక నుంచి చీలిన కొమ్ము బయటికి తీసి ఘాటు వాసన కొడుతుంది. తర్వాత నడుముకు ఒక్క పట్టుదారం చుట్టుకుని రెమ్మకు ఆనుకుని ప్యూపా అవుతుంది. గూడు కట్టదు. తోక మీద కొమ్ముండే ఆ నువ్వుచేని శలభం పిల్లపురుగైతే మట్టిలోకి దిగిపోతుంది.

అరండల్‌పేట అక్కయ్య: గూడు నా తప్పే, ఒప్పుకుంటున్నాను. ఆ రోజే ఒప్పుకోవాల్సింది. మరి మీరూ దిద్దండి మాస్టారూ: "పగటి చిలుక గాదు, పడకింటి లోపలి". అప్పుడు దీపం ఆర్పిందీ, తుట్టె దోచిందీ ఆ పురుగే.

పటమట మాస్టారు: యతి (పాదంలో ప-ప అక్షరాల పొత్తు) కుదిరింది, కర్తా కుదిరాడు. కానీ పడమటి సూర్యుణ్ణి పడకింటి దీపానికి ఇచ్చుకోలేనమ్మా. నా పాదం అలాగే ఉంటుంది.