ఆర్ఎంఐ హలో క్లయింట్ డిస్కవరీ దగ్గరే చస్తోంది, ఎవరైనా చూడండి

బీటీఎం పీజీ: నిన్న రాత్రి తొమ్మిదింటి నుంచి దీని ముందే కూర్చున్నా. జావా ఆర్ఎంఐలో (ఒక మెషీన్‌లోని ప్రోగ్రామ్ ఇంకో మెషీన్‌లోని మెథడ్‌ని పిలిచే పద్ధతి) అందరూ చేసే హలో ఉదాహరణే. రిజిస్ట్రీ (పేరు చెప్తే సర్వర్ ఆబ్జెక్ట్ దారి చూపేది) లేచింది, సర్వర్ రెడీ అంది. క్లయింట్ నడిపితే కనెక్షన్ రెఫ్యూజ్డ్. కోడ్‌లో అక్షరం మార్చలేదు. ఇక్కడ మెస్‌లో టిఫిన్ కూడా అయిపోయింది.

ఒక్కముక్క: ఎర్రర్ పూర్తిగా పెట్టు.

పాత కాపు: ఇంకా ఆర్ఎంఐ ఏంటి తమ్ముడూ? 1997లో జేడీకే 1.1తో వచ్చింది. ఏ భాషలోనైనా ఇదే పని చేసే జీఆర్‌పీసీ నేర్చుకుంటే రేపు పైథాన్ క్లయింట్‌తోనైనా మాట్లాడొచ్చు.

బీటీఎం పీజీ: కాలేజీ ప్రాజెక్టు అన్నా, మార్చే ఛాన్స్ లేదు. 'కనెక్షన్ రెఫ్యూజ్డ్ టు హోస్ట్ 127.0.1.1' అంటోంది. నేనిచ్చిన సర్వర్ అడ్రస్ 192.168.1.7 కదా!

ఒక్కముక్క: రెండూ ఒకే మెషీనా?

బీటీఎం పీజీ: కాదు, సర్వర్ నా ఉబుంటులో, క్లయింట్ రూమ్మేట్ విండోస్‌లో. చెప్పలేదా?

ఒక్కముక్క: లేదు.

సిల్క్ బోర్డ్ సిగ్నల్: లుకప్ (రిజిస్ట్రీలో పేరు వెతకడం) బాగానే అయింది, పడిపోతోంది ఆ తర్వాతి కాల్. రిజిస్ట్రీ ఇచ్చే స్టబ్‌లో (క్లయింట్ చేతిలో సర్వర్ తరఫున ఉండే ఆబ్జెక్ట్) సర్వర్ తన అడ్రస్ తానే రాసుకుంటుంది. ఉబుంటు హోస్ట్స్ ఫైల్లో నీ మెషీన్ పేరు ఎదురుగా 127.0.1.1, అంటే 'ఈ మెషీనే' అని ఉంటుంది, అదే రాసేసింది. విజిటింగ్ కార్డు మీద 'మా ఇల్లు' అని రాసిచ్చినట్టు. అందుకున్నవాడు తన ఇంటి తలుపే కొడుతున్నాడు. జావా.ఆర్ఎంఐ.సర్వర్.హోస్ట్‌నేమ్ అనే సెట్టింగ్‌కి 192.168.1.7 ఇచ్చి మళ్లీ నడుపు.

బీటీఎం పీజీ: పెట్టా. అదే ఎర్రర్.

ఒక్కముక్క: ఏ వైపు?

బీటీఎం పీజీ: క్లయింట్ వైపు.

సిల్క్ బోర్డ్ సిగ్నల్: సర్వర్ వైపు బాబూ. రిజిస్ట్రీని కూడా ఆపి లేపు, లేకపోతే ఆ పేరు ముందే ఉందని గొడవ చేస్తుంది.

పాత కాపు: అసలు దీన్ని డిస్కవరీ అనకూడదు. సర్వర్ ఎక్కడుందో నువ్వే చెప్తున్నావ్, ఇది లుకప్. డిస్కవరీ అంటే జావాలోనే వచ్చిన జీనీ. మల్టీకాస్ట్‌లో 'ఎవరైనా ఉన్నారా' అని వీధిలో కేకేసేది.

సిల్క్ బోర్డ్ సిగ్నల్: ఒకప్పుడు టెలిఫోన్ ఎంక్వైరీ 197కి ఫోన్ చేసి నంబరు కనుక్కోవడం కనుక్కోవడం కాదా మరి?

పాత కాపు: అది విచారణ.

బీటీఎం పీజీ: ఇప్పుడు టైమవుట్. ఫైర్‌వాల్‌లో 1099 తెరిచానుగా?

ఒక్కముక్క: అది రిజిస్ట్రీ పోర్టు. కోడ్‌లో ఆబ్జెక్ట్‌ని ఎక్స్‌పోర్ట్ చేసేచోట పోర్టు 0 ఉంటే ఆబ్జెక్ట్ ప్రతిసారీ ఏదో ఒక పోర్టు పట్టుకుంటుంది. 0 తీసి 2001 పెట్టు, దాన్నీ తెరువు.

బీటీఎం పీజీ: వచ్చేసింది, హలో వరల్డ్. థాంక్స్. దోసెకి పోతున్నా.

పాత కాపు: విచారణకీ డిస్కవరీకీ తేడా మాత్రం ఉంది.