అప్‌డేట్: దసరా బహుమతి పేరుతో మా నాయనకు వచ్చిన ఫోన్

పండుగ బహుమతి వచ్చిందంటూ దేవరకొండలో ఉంటున్న మా నాయన చేత యూపీఐ పిన్ కొట్టించి రూ.18,000 లాగేశారని, ఏం చేయాలని మొన్న అడిగాను. మీరు చెప్పినట్టే ఆ రాత్రే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అవతలి ఖాతాలో మిగిలిన రూ.11,000ను నిలిపివేశారని సందేశం వచ్చింది, తక్కినది అప్పటికే చేతులు మారిపోయింది. డబ్బు కన్నా, నాయన రెండు రోజులు అన్నం సరిగా తినకపోవడమే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది. డబ్బు పంపడానికే తప్ప అందుకోవడానికి పిన్ అక్కరలేదని, నేనే ఆయన ఖాతాకు ఒక రూపాయి పంపి చూపించాక గానీ ఆయనకు నమ్మకం కుదరలేదు. సద్దుల బతుకమ్మ నాడు మళ్లీ ఎవరో పోలీసులమంటూ వీడియో కాల్‌లోనే అరెస్టు చేశామంటూ, ‘డిజిటల్ అరెస్టు’ అని బెదిరిస్తే, అలాంటి అరెస్టు చట్టంలోనే లేదని నాయనే చెప్పి, ఫోన్‌ను అమ్మ తంగేడు పూల గంపలో పడేసి వాకిట్లోకి వెళ్లిపోయారట.