ఫైబర్ బోటుకు పాత ట్రైలర్: రోలర్లు ఉంచాలా, బంక్ చెక్కలు వేయాలా?

మాధవరం_బోటు: 16 అడుగుల ఫైబర్ బోటు, వీ ఆకారం అడుగుభాగం, 40 హార్స్‌పవర్ ఔట్‌బోర్డ్. సెకండ్ హ్యాండ్ ట్రైలర్ వేరే బోటు కొలతలది, అన్నీ రోలర్లే (బోటు కింద తిరిగే చిన్న చక్రాలు). చివరి రోలర్ ట్రాన్సమ్‌కు (బోటు వెనక గోడ) 12 అంగుళాల ముందే ఆగిపోతోంది. దింపేది పులికాట్‌లో, మిగతా నెలలన్నీ చెన్నై ఎండలో నిలిపి ఉంచాలి. రోలర్లు పీకించి బంక్ చెక్కలు (బోటు కింద పొడవునా ఆనే, కార్పెట్ చుట్టిన చెక్కలు) వేయించమంటారా?

గిండీ_వెల్డింగ్: పీకించండి. రోలర్ ఆనేది అరచేయంత చోటు కూడా ఉండదు. ఫైబర్ ఒకేచోట నెలల తరబడి బరువు మోస్తే మెల్లగా లోపలికి వంగుతుంది, వేడికి ఇంకా త్వరగా. మీ బోటుకు అసలు ప్రమాదం ఆ 12 అంగుళాల ఖాళీ. ఇంజన్ 70 నుంచి 100 కిలోలు ట్రాన్సమ్ వెనక వేలాడుతుంది, కింద ఆసరా లేదు. వెనక అంచు జారి, అడుగు భాగంలో గుంట తేలుతుంది. ఆ తర్వాత నీళ్లలో ముక్కు కిందికి నొక్కుకుంటుంది, స్పీడు పోతుంది. 4 అడుగుల తిన్నని బద్ద ట్రాన్సమ్ నుంచి ముందుకు ఆనించి చూడండి, మధ్యలో వెలుతురు కనిపిస్తే ఆ గుంట ఇప్పటికే ఉన్నట్టే.

బంక్ చెక్క ట్రాన్సమ్ అంచు దాకా రావాలి, ఒక సెంటీమీటరు బయటికొచ్చినా మంచిదే. లోపలి స్ట్రింగర్ల (అడుగును గట్టిపరిచే నిలువు దూలాలు) కిందే కూర్చోవాలి. చిన్న చెక్క సుత్తితో అడుగు తట్టుకుంటూ పోతే గట్టిగా పలికే వరుస దొరుకుతుంది.

పులికాట్_గాలి: ఒడ్డు సంగతి మర్చిపోతున్నారన్నా. పులికాట్ లోతు తక్కువ, ఒడ్డు నుంచి చాలా దూరం నీళ్లు పల్చగానే ఉంటాయి. బంక్ మీద బోటు తేలాలంటే ట్రైలర్‌ను మడ్‌గార్డు దాకా ముంచాలి. దారిలో వేడెక్కిన హబ్ (చక్రం మధ్య బేరింగ్ ఉండే భాగం) ఉప్పునీళ్లలో పడగానే లోపలి గాలి కుంచించుకుపోయి సీలు సందులోంచి నీళ్లు పీల్చుకుంటుంది, బేరింగ్ తుప్పు పడుతుంది. రోలర్లయితే వించ్‌తో (పట్టీ చుట్టి లాగే మర) పైకి లాగెయ్యచ్చు. నల్ల రబ్బరువి ఎండకు పగిలి జెల్‌కోట్ (ఫైబర్ పై పూత) మీద మరకలు చేస్తాయి, పాలీయురేథేన్‌వి వేయండి. బరువు పంచుకునే జంట రోలర్ల క్రేడిల్స్ (ఊగే చట్రాలు) పెంచితే చాలు.

గిండీ_వెల్డింగ్: దింపేది ఒక పూట, నిలిపేది నెలలు. బేరింగ్ మార్చుకోవచ్చు, వంగిన అడుగు మార్చలేం.

ఎన్నూరు_ఎఫ్ఆర్పీ: రెండూ పెట్టచ్చండి: కీల్ (అడుగు మధ్యలో పొడవునా ఉండే వెన్ను) కింద ట్రైలర్ ప్రతి అడ్డబద్దె మీద ఒక రోలర్, రెండు పక్కలా బంక్. బరువు కీల్ మోస్తుంది, బంక్ బోటును పక్కకు ఒరగనివ్వదు. కానీ వరుస తప్పితే పనంతా వృథా. ముందు వించ్ స్తంభాన్ని 12 అంగుళాలు ముందుకు జరపండి, ట్రాన్సమ్ చివరి అడ్డబద్దె మీదికొస్తుంది. బోటును కీల్ మీద నిలబెట్టి, బ్రాకెట్ బోల్టులు వదులుగా ఉంచి, బంక్‌ను పైకి తెచ్చి అడుగుకు తగిలాక బిగించండి. బోల్టు బిగింపుతో చెక్కను అడుగులోకి నొక్కకండి. సందులో కాగితం ముక్క జారిస్తే ఎక్కడ ఖాళీ ఉందో తెలుస్తుంది.

చెక్క 2 x 4 అంగుళాలది, 4 అంగుళాల వైపు నిలువుగా పెట్టండి, అడ్డంగా పెడితే మధ్యలో కుంగుతుంది. బోల్టు తలలు చెక్కలోకి అర అంగుళం దిగాలి. కార్పెట్‌కు స్టెయిన్‌లెస్ పిన్నులు, అవీ పక్కలకే, పైన కాదు.

బోటు ముందుకు జరిగింది కాబట్టి కారుకు తగిలించే కొక్కెం మీద బరువు పెరుగుతుంది. పెట్రోలు, బ్యాటరీతో సహా మొత్తం 700 కిలోలుంటే కొక్కెం మీద 35 నుంచి 70 ఉండాలి, ఇంట్లో బరువు చూసుకునే మిషన్ చాలు. తక్కువైతే ట్రైలర్ తోక ఊపుతుంది, ఎక్కువైతే కారు వెనక కుంగి స్టీరింగ్ తేలికవుతుంది. ఎక్కువొస్తే యాక్సిల్‌ను ముందుకు జరపండి. కొక్కెం నుంచి యాక్సిల్ రెండు చివరలకూ దూరం సమానమయ్యాకే యాక్సిల్‌ను పట్టి ఉంచే యూ-బోల్టులు బిగించాలి.

మాధవరం_బోటు: యాక్సిల్ హబ్ పుదుపేట పాత విడిభాగాల బజారులో దొరుకుతుందా?

పులికాట్_గాలి: దొరుకుతుంది, పాత బేరింగ్ నంబరు, చక్రం బిగించే స్టడ్ల మధ్య దూరం రాసుకుని వెళ్లండి. సీలు మాత్రం కొత్తదే. ఎన్నూరు గారి పద్ధతికి అభ్యంతరం లేదు, ఒక్కటి తప్ప: లోతు తక్కువ ఒడ్డులో పక్క బంక్ రాపిడికి వించ్ బరువెక్కుతుంది. బంక్ మీద జారుడు కోసం ప్లాస్టిక్ పట్టీలు వేయమంటారు కొందరు, వేస్తే వించ్ పట్టీ నీళ్లలోకి వెళ్లేదాకా విప్పకండి, బోటు ఒడ్డు మీదే జారిపోతుంది.